కట్ట మీద తీతువు గుడ్లు

2 జూలై 1961, లక్సెట్టిపేట

ఉరుములు ఆగడం లేదు. నిద్ర రావడం లేదు.

పొద్దున మళ్ళీ చెరువు కట్ట మీదికి వెళ్ళాను. తీతువు ఇంకా పొదుగుతూనే ఉంది. నల్లటి గొంతు, కంటి ముందు ఎర్రటి తోలు, పొడుగాటి పసుపు కాళ్ళు. గోదావరి ఇసుక నుంచి బోథ్ చేల దాకా ఎక్కడ చూసినా కనిపించే పిట్టే. చెట్టెక్కదు, గూడు కట్టదు, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది.

ఈ ఊళ్ళో మాత్రం అది జోస్యం చెబుతుంది. చెరువు లోపల గుడ్లు పెడితే కరువట, కట్ట మీద పెడితే చెరువు నిండుతుందట. అది నమ్మి తమ్ముడు రాజయ్య చెరువు లోపలి తన శిఖం భూమిని బీడు వదిలేశాడు. విత్తేనాడు నన్నూ ఆపబోయాడు.

“అన్నా, ఈసారి చెరువు నిండుతది. శిఖంల జొన్న ఎయ్యకు.”

“కట్ట మీద కొత్తగ కంకర పోసిండ్రు. రాళ్ళున్న కాడ పిట్ట గుడ్లు పెట్టింది, గంతే. పిట్టల పుస్తకంల ఉన్నది.”

“గా పుస్తకం పిట్టకు ఎవలు చదివి చెప్పిండ్రే?”

కూలీలంతా నవ్వారు. పంపకాల్లో మెరక పొలమంతా తీసుకున్నవాడు నాకు బుద్ధి చెప్పడమేమిటని, ఇంట్లో ఉన్న విత్తనమంతా ఆ చెరువులోనే చల్లించాను.

జొన్న జానెడు లేచింది. వాన దంచితే అది మునుగుతుంది, రాజయ్య మాట నెగ్గుతుంది. అసలు పడకపోతే నా మాట నెగ్గుతుంది, జొన్న ఎండుతుంది. జొన్న తడిసి, చెరువు నిండకుండా కురిసే వాన కావాలి నాకు. అలాంటిది ఎవరిని అడగాలి...

పెంకుల మీద చప్పుడు మొదలైంది. పెద్ద చినుకులు.

కంకర సంగతి మాత్రం నేను చెప్పిందే నిజం.