నా పేరు మీద అమ్ముకు బడి

బుధవారం రాత్రి

ఇక్కడ మలేషియాలో బడులు మూసేసి ఏడాది దాటింది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల పిల్లలకు మాత్రం వెనక గదిలో పాఠాలు చెబుతున్నారు. నా కూతురు లక్ష్మి అక్కడ నర్సు కాబట్టే మనవరాలు అమ్ముకు చోటు దొరికింది. లక్ష్మి కరోనాతో పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు.

పొద్దున టీచరమ్మ నన్ను తలుపు దగ్గరే ఆపింది. "పిన్నీ, ఏటనుకోకండి. డ్యూటీలో ఉన్నవోళ్ల పిల్లలకే ఈ గది. ఈ వారంతో అమ్ము పేరు తీసేమన్నారు."

"ఇంట్లో నేనేటి సెప్పగలనమ్మా? మూడో క్లాసుతోనే మానేసినాను."

ఆమె అటూ ఇటూ చూసి తలుపు దగ్గరికి లాగింది. "వార్డులు తుడవడానికి మనుషులు దొరకట్లేదు పిన్నీ," అంది, తప్పు చేసినట్టు మెల్లిగా.

నేరుగా ఆసుపత్రి ఆఫీసుకు వెళ్లి తుడిచే పనికి నా పేరు ఇచ్చేశాను. ఇక అమ్ము పేరు తీయరు. నెల మాసికం పెట్టేదాకా మావాళ్లు ఎవరి గడపా తొక్కరు. అందుకే హుటాన్ మెలింటాంగ్ ఊరి నుంచి అన్నయ్య ఫోన్‌లో మండిపడ్డాడు. "పిల్ల పోయి నెలైనా తిరగలేదు, అప్పుడే పనికెల్లిపోతావేటే?"

దాని బిడ్డ కోసమే అన్నయ్యా అందామనుకున్నాను. ఫోన్ పెట్టేశాను.

అమ్ము మాత్రం నవ్వింది. "నువ్వు సూదులేస్తావేటి అమ్మమ్మా?"

"తుడుస్తాను లా, అది సాలదేటి?"

నాకూ ఆ జబ్బు అంటుకుంటే దీనికి ఇంకెవరున్నారు... సాయంత్రం నుంచి అదే ఆలోచన.

రేపు నాకిచ్చింది లక్ష్మి పోయిన వార్డే. ఆఖరికి దాని మొహం కూడా చూడనివ్వలేదు నన్ను. అది పోయింది ఏ మంచం మీదో ఎవరినైనా అడగాలి. ఆ మంచం కింద రెండుసార్లు తుడుస్తాను.