గాటు పెట్టని చెస్ట్‌నట్లు

1999 డిసెంబరు 4, శనివారం

రేపు కొండలరావు మా ఇంటికి వస్తున్నాడట. నా భార్య లీలావతికి అన్న. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఇక ఆ మనిషి మొహం చూడనక్కర్లేదనుకున్నాను. పొరపాటు.

పిలిచింది కోడలు కీర్తిక. బ్యాంకులో వై2కె టీముకి లీడ్. ఏడాదిగా ఆ అమ్మాయికి ఆదివారం లేదు, పండగ లేదు. ఇరవై ఆరున టీమంతటినీ, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి పిలిచింది. లండన్‌లో ఆన్‌సైట్‌కి వెళ్లినప్పుడు చలిలో, వీధిలో కాల్చిన చెస్ట్‌నట్లు తిన్నదట. అవి చేసి పెడతానని అందరికీ మాటిచ్చింది. బ్లాకు కింద చైనావాళ్ల కొట్లో మూడు కిలోలు కొనుక్కొచ్చింది. కాల్చడం మాత్రం రాదు. గుళ్లో ఎవరినో అడిగితే, మీ అత్తగారి అన్న ఉండగా మమ్మల్ని అడుగుతావేమమ్మా, నలభై ఏళ్లు గింజలు వేయించి బతికినవాడు కదా అన్నారట.

ఆ సంగతి నేను ఈ ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. లీలావతిని చెప్పనివ్వలేదు. కొండలరావు కచాంగ్ పుతే అమ్మేవాడు. సినిమాహాలు ముందు బండి, బండి మీద వేయించిన వేరుశనగలు, బఠాణీలు, శనగలు, పక్కన కాగితం పొట్లాలు. నేను సింగపూర్ పోర్టు ఆఫీసులో హెడ్ క్లర్కుని.

1971లో మా ఇంగ్లీషు దొరతో సినిమాకి వెళ్లాను. గేటు దగ్గర కొండలరావు. నేను ఎవరో తెలియనట్టు పొట్లం కొన్నాను. అతను కూడా తెలియనట్టే థాంక్యూ సార్ అన్నాడు. సొంత బావమరిదిని పట్టుకుని సార్ అన్నాడు! దొర ఎదురుగా నన్ను చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

1978లో తెలుగు సంఘం సావనీర్‌లో కాకతీయుల చెరువుల మీద నా వ్యాసం పడింది. పదకొండు పేజీలు. రెండేళ్లు చదివి రాసింది. ఆ ఏడాదే లీలావతి పుట్టింటి నుంచి శనగల పొట్లం తెచ్చింది. తిని కాగితం విప్పితే నా ఏడో పేజీ. తూము వర్ణన మీద నూనె మరక. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు.

ఆ మనిషి గురించిన నిజం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అందుకే ఈ నోట్‌బుక్.

డిసెంబరు 5, ఆదివారం, ఉదయం 6.30

ఎన్‌సైక్లోపీడియాలో చూశాను. చెస్ట్‌నట్ పెంకుకి గాటు పెట్టకుండా కాలిస్తే, లోపలి ఆవిరికి దారి లేక పేలుతుంది. ఇంకో రెండు పుస్తకాల్లోనూ అదే ఉంది.

కొండలరావు పుస్తకం ముట్టుకున్న మనిషి కాదు. ముట్టుకున్నా పొట్లం చుట్టడానికే.

నేను చెప్పను. కోడలి ముందు అతని పనితనం ఏపాటిదో తేలిపోనీ.

అదే రోజు, సాయంత్రం

జరిగింది వరసగా రాస్తాను.

పదకొండింటికి వచ్చాడు. డెబ్భై నాలుగేళ్లు. బుకిట్ బటోక్ నుంచి హౌగాంగ్‌లో మా ఇంటి దాకా, తన ఇనప బాణలి గోనెసంచిలో పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చాడు. కీర్తిక కాళ్లకు దండం పెట్టింది. నన్ను చూసి, ఏటి బావగారూ బాగున్నారా అన్నాడు. నిన్నగాక మొన్న కలిసినట్టు. నేను తలూపాను.

చెస్ట్‌నట్ చేతిలోకి తీసుకుని దొర్లించాడు. ఇది తాను ఎప్పుడూ వేయించలేదని ముందే చెప్పేశాడు. ఇది చైనావోళ్ల సరుకమ్మా, ఆళ్ల జోలికి నాను పోనేదు, నా జోలికి ఆళ్లు రానేదు అని నవ్వాడు. మరి కత్తి కావాలా అంకుల్ అని కీర్తిక అడిగింది. వద్దమ్మా అన్నాడు. వాళ్ల నాన్న ఉద్దానం నుంచి ఓడెక్కి వచ్చినవాడు, అక్కడ జీడిపిక్కలు కాల్చినవాడు. పచ్చి పిక్కకి కత్తి తగిలితే జీడి చిమ్మి చేతులు బొబ్బలెక్కుతాయి. పెంకున్న గింజకి నిప్పే కత్తి అని మా అయ్య సెప్పేవోడు అన్నాడు.

ఉద్దానంలో అది నిజం. ఈ కాయకి కాదు. నాకు తెలుసు. నోరు మూసుకుని కూర్చున్నాను.

బాణలి కాగింది. కాయలు పోసి మూత పెట్టాడు. అతను బాణలి ఆడిస్తుంటే చూడాల్సి వచ్చింది. మణికట్టు ఒక్కటే కదులుతుంది, భుజం కదలదు. కాయ మీద కాయ పడదు. వంట మీద నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ కదలికకి మాట లేదు.

మనవరాలు సరయు స్టవ్ దగ్గరికి పోతోంది. ఆరేళ్ల పిల్ల. రెక్క పట్టుకుని ఫ్రిజ్ వెనక్కి లాగాను. తాతా, వై యు పుల్ మి లా అని అరిచింది. అదే క్షణంలో కొండలరావు మూత ఎత్తాడు.

టపాకాయలాగా పేలింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. కాలే పిండి అతని ఎడమ కంటి మీద పడింది.

అతను మూత వదల్లేదు. మళ్లీ బాణలి మీద పెట్టాడు, గ్యాస్ కట్టేశాడు, పాపకి తగల్లేదు కదా అని అడిగాడు. ఆ తరవాత గాని నేల మీద కూర్చోలేదు.

మా అబ్బాయి శశికాంత్ టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

డిసెంబరు 6

వాపు తగ్గేదాకా కన్ను సంగతి చెప్పలేమన్నారట.

డిసెంబరు 7

ఏమీ చదవలేకపోయాను.

డిసెంబరు 9

కన్ను నిలిచింది. కనుబొమ కాలిపోయింది.

డిసెంబరు 12, ఆదివారం

మళ్లీ వచ్చాడు. కంటి మీద ప్లాస్టరు. ఇక రావద్దని కీర్తిక ఫోన్లో బతిమాలిందట. మాటిచ్చింది నువ్వు, పని ఒప్పుకుంది నాను, మద్దెలో గింజది ఏటి తప్పు అన్నాడట.

ఈసారి జేబులోంచి, పోయినసారి పేలిన కాయ పెంకు తీశాడు. ఆసుపత్రికి వెళ్తూ వెళ్తూ దాన్ని జేబులో వేసుకున్నాడు! కన్ను ఉంటుందో పోతుందో తెలియని మనిషి. వారమంతా దాన్ని తిప్పి తిప్పి చూశాడట. ఇది జీడిపిక్క నాంటిది కాదమ్మా, దీని లోపల నూనె నేదు, నీళ్లున్నాయి, నీళ్లకి తలుపు కావాల అన్నాడు.

ఎన్‌సైక్లోపీడియాలో ఉన్న ముక్కా అదే. నాకు మూడు పుస్తకాలు పట్టింది. అతనికి ఒక పెంకు చాలింది.

తరవాత రెండు గంటలు నేను కుర్చీలోంచి లేవలేదు. ఒక కాయకి కొన దగ్గర గాటు, ఒకదానికి పొట్ట మీద అడ్డంగా, ఒకదానికి కత్తెర గుర్తు. ఒక్కొక్కటే వేసి, మూత మీద చెవి వంచి విన్నాడు. కీర్తికకి సంబరం. అచ్చం మా టెస్టింగ్ లెక్కనే చేస్తున్నరు అంకుల్, మా టీంల చేరుండ్రి అంది. జీతం వద్దు, కడుపుకింత మకాన్ పెడితే సాలు అన్నాడు.

పొట్ట మీద అడ్డగాటు గెలిచింది. గాటు పెట్టాక అరగంట ఉప్పునీళ్లలో నానబెట్టాడు. బాణలిలో గాటు పైకి ఉండేలా పేర్చాడు. గాటు విచ్చుకుని పెదవిలా తెరుచుకున్నాక తడిగుడ్డలో మూటగట్టి పక్కన పెట్టాడు. ఆ మూటలో మగ్గితేనే లోపలి పొర పెంకుతో పాటు వస్తుంది. ఈ సంగతి నేను చూసిన మూడు పుస్తకాల్లోనూ లేదు.

మొదటి కాయ వలిచి నాకే ఇచ్చాడు. పచ్చటి గింజ, ఎక్కడా చీలలేదు. చిలగడదుంప తీపి, దాని వెనక పాల రుచి. డెబ్భై రెండేళ్ల నోటికి కొత్త రుచి దొరకడం చిన్న విషయం కాదు.

బాగుంది అన్నాను. ఇరవై ఒక్క ఏళ్ల తరవాత అతనితో నా మొదటి మాట. చెప్పవలసిన మాట అది కాదు.

డిసెంబరు 18

కొండలరావుకి ఫోన్ చేశాను. అతనే ఎత్తాడు. పెట్టేశాను.

డిసెంబరు 26, ఆదివారం, సాయంత్రం

పద్నాలుగు మంది వచ్చారు. తెలుగువాళ్లు, తమిళులు, ఇద్దరు చైనావాళ్లు. మూడు బాణళ్ల కాయలు వేడివేడిగా అయిపోయాయి. ప్రేమ్ అనే కుర్రాడు రెండో బాణలి దగ్గర చోటు పోకుండా టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశాడు. చైనా అమ్మాయి ఒకతె, మా తాతగారి చేతి రుచి కూడా ఇంతే అని కొండలరావు చెయ్యి పట్టుకుంది. పొగడ్తకి అతను మెలికలు తిరగలేదు, అడ్డు చెప్పలేదు. పనివాడికి తన పని విలువ తెలుసు. నేను రాసిన ప్రతి వ్యాసానికీ మెచ్చుకోలు కోసం అందరి ముఖాలూ చూసినవాణ్ని.

అప్పుడు కీర్తిక మొదటి రోజు పేలుడు కథ చెప్పింది. అందరూ నవ్వుతున్నారు. గాటు పెట్టాలని ఒక్కలకన్న తెల్వలేదు, ఇంటి నిండా పుస్తకాలున్నయి, మా మామయ్య గారికే తెల్వలేదంటే చూడుండ్రి అంది.

పద్నాలుగు మందీ నా వంక చూశారు, నవ్వుతూ, మర్యాదగా.

ఊరుకుంటే సరిపోయేది. చదువుకున్న ముసలాయనకి ఒక ముక్క తెలియలేదు, అంతే. కానీ కొండలరావు తల వంచి కాయ వలుస్తున్నాడు. కనుబొమ ఉండాల్సిన చోట గులాబీరంగు చర్మం మెరుస్తోంది.

నాకు తెలుసు అన్నాను. ఆ రోజు పొద్దున్నే చదివాను, కావాలనే చెప్పలేదు అన్నాను.

శశికాంత్ చేతిలో ప్లేటు కింద పెట్టాడు. కీర్తిక నా ముఖం చూడలేదు, సరయుని దగ్గరికి తీసుకుంది.

కొండలరావే లేచాడు. ఇంక నాలుగో వాయి ఎవులికి కావాల, సెప్పకపోతే అన్నీ నానే తినెస్తాను అన్నాడు. కుర్రాళ్లు నవ్వారు. గదికి ఊపిరి వచ్చింది.

వెనకే వంటింట్లోకి వెళ్లాను. అతనే అన్నాడు: నాకు ఆయాలే తెలుసు బావగారూ. మూత ఎత్తకముందే పాపని లాగేసినారు. ఊరికే ఎవులూ అలా లాగరు.

మరి ఎందుకు ఊరుకున్నావు, మళ్లీ ఎందుకు వచ్చావు అని అడిగాను.

పాపని లాగినారు కదా, నన్ను కూడా లాగుదునా వద్దా అని ఓ సనం ఆలోసించుంటారు అన్నాడు. గాటు పెట్టిన కాయలు నీళ్లలోంచి తీస్తూ, ఆలోసించినారా అని అడిగాడు.

లేదు అన్నాను.

అబద్దం ఆడనేదు, సాలు అన్నాడు.

డిసెంబరు 27

కీర్తిక కాఫీ చేతికివ్వలేదు. టేబుల్ మీద పెట్టి వెళ్లింది. తప్పు పట్టను.

2000 జనవరి 1

కంప్యూటర్లు ఆగలేదట. కీర్తిక తెల్లారి వచ్చి పడుకుంది. లేచాక, కొండలరావు అంకుల్ని రేపు పిలుద్దామా మామయ్యా అని అడిగింది. నేనే ఫోన్ చేశాను. ఈసారి పెట్టేయలేదు. బావా అన్నాను.

జనవరి 2

ఇవాళ ముప్పై కాయలకీ గాట్లు నేను పెట్టాను. కొండలరావు ఒక్కటి కూడా తిప్పి చూడలేదు. మూత తీసి, ముఖం బాణలి మీదికి వంచి వాసన చూశాడు.