ఇంకు వేషం

18-4-44, తిరుపతి
మిషన్ బడి వాళ్ళ ఇంగ్లీషు రీడరు కంపోజు చేస్తున్నాను. పదో పాఠంలో ఒక మాట తగిలింది. స్లిదర్. అక్షరాలు ఏరి పేర్చాను. అర్థం తెలియలేదు. ఆరేళ్ళుగా ఇదే బతుకు. ప్రెస్సులో ప్రతి ఇంగ్లీషు మాటా నా వేళ్ళ మీదుగా పోతుంది, సగం మాటలు నా బుర్రలోకి రావు.

శఠగోపం అయ్యవారిని అడిగాను. ప్రూఫులు దిద్దేది ఆయనే. అది పాము గురించప్పా, నీకెందుకు, నువ్వు అక్షరాలు సక్రమంగా పేర్చు సాలు అన్నాడు. పాము గురించని నాకూ తెలుసు, ముందు స్నేక్ అని ఉంది కదా. ఆ పాము ఏం చేసిందయ్యా మగడా!

20-4
పాత కాగితాల అంగట్లో అట్ట లేని డిక్షనరీ దొరికింది. స్లిదర్ అంటే నేలకు అంటుకుని, మెలికలు తిరుగుతూ, జారిపోతూ కదలడం. క్రాల్ వేరు, దానికి మోకాళ్ళు కావాలి. క్రీప్ వేరు, అది మెల్లగా, దొంగలా.

గట్టిగా చదువుకుంటుంటే అమ్మ విని నవ్వింది. జరజరా పాకినాది అంటే అయిపోతాది గదరా, దొరలకు అంత మాట కావల్సొచ్చిందా అనింది. నాకు ఒళ్ళు మండింది. అమ్మ చెప్పింది నిజం కాబట్టి ఇంకా మండింది.

22-4
శఠగోపం అయ్యవారికి చూపు ఆనడం లేదు. గంగజాతర కాగానే మానేస్తాడట. అంటే ప్రూఫుల కుర్చీ ఖాళీ.

ఓనరు సంపత్కుమార్ గారి దగ్గరికి నేరుగా పోయి, సామీ, ఆ కుర్చీ నాకివ్వండి అన్నాను. ఆయన నవ్వలేదు. అదే నా ఆశ. ఇంగ్లీషు బాగా పట్టు మునికృష్ణా, జాతర కానీ, చూస్తాం అన్నాడు.

అచ్చు అక్షరాల గళ్ళపెట్టె, ఆ కేసు ముందు నిలబడి నిలబడి నా పిక్కల్లో నరాలు తాళ్ళలా లేచాయి. ప్రూఫులది కూర్చుని చేసే పని. చదివి, ఇది తప్పు అని చెప్పే పని. నాకు అది కావాలి.

2-5, చిత్తూరు నుంచి వచ్చాక
యుద్ధం వచ్చినప్పటినుంచి కాగితానికి కోటా. కోటా ఇచ్చే ఆఫీసరు చిత్తూరులో ఉంటాడు. మా ఓనరు సామి ఆయన్ని చూడబోయాడు, మామిడిపళ్ళ గంప మోయడానికి నేను. పెట్రోలు కరువై బొగ్గుతో నడిపే బస్సు దారిలో రెండుసార్లు ఆగింది. దిగి తోశాం. సామి దిగలేదు.

ప్రెస్సులో సామి నడిస్తే మిషన్లు కూడా సర్దుకుని నిలబడతాయి. ఆ సామి ఆఫీసరు గది ముందు చెప్పులు విడిచాడు. భుజం మీది ఉత్తరీయం నడుముకు చుట్టాడు. తలుపు సగమే తెరిచి ఉంటే దాన్ని తొయ్యడానికి ధైర్యం చాలక, ఆ సందులోంచి పక్కకు తిరిగి, గోడను రాసుకుంటూ, మెలికపడి, జరజరా లోపలికి జారిపోయాడు.

గంప పట్టుకుని అక్కడే నిలబడి గట్టిగా అనేశాను. హి స్లిదర్డ్. బంట్రోతు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

కోటా దొరకలేదు. జాతరకు మా ఇంటికి దయచెయ్యండి అని పిలిచి వచ్చాడట. బస్సులో నన్ను తిట్టాడు, పళ్ళు కమిలిపోయినాయని.

9-5
మిషను తిప్పే పెంచలయ్య చెప్పాడు. సామి అల్లుడు మద్రాసునుంచి వస్తా ఉండాడంట, కుర్చీ ఆయనకేనంట, నువ్వు ఏబీసీడీలు నములుకుంటా ఉండప్పా అన్నాడు. వాడి నవ్వు చూసి పేర్చిన అక్షరాల పళ్ళెం, ఆ గాలీ ఎత్తి వాడి నెత్తిన వెయ్యాలనిపించింది.

సామి నా మొహం మీదే చెప్పి ఉంటే సరిపోయేది.

12-5, సాయంత్రం
జాతరలో ఇవాళ తోటి వేషం. ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకుని వీధిలోకి పోతే ఎవణ్ణయినా ఎంతమాటయినా అనొచ్చు. ఎవడూ కోపం తెచ్చుకోకూడదు. ఆ తిట్టు మనిషిది కాదు, గంగమ్మ మాట.

బొగ్గంతా బస్సులే తినేస్తున్నాయి, ఎక్కడా దొరకలేదు. ప్రెస్సునుంచి డబ్బా తెచ్చి అచ్చు ఇంకు పూసుకున్నాను. వీపుకు పెంచలయ్య పూశాడు. నువ్వు పుట్టినప్పుడే ఇట్టా పుట్టింటే బాగుండు అన్నాడు.

సామి అరుగు ముందుకు పోయాం. అరుగు మీద పెద్ద కుర్చీలో చిత్తూరు ఆఫీసరు. పక్కన నిలబడి సామి విసనకర్ర విసురుతున్నాడు. మావాళ్ళు సామిని తిట్టడం మొదలుపెట్టారు. కాగితాలు తినే గాడిదా అన్నారు, నీ మీసానికి చెదలు పట్టా అన్నారు, రాయలేనివి కూడా అన్నారు. సామి పడీపడీ నవ్వాడు. ఇంకా తిట్టండప్పా, తల్లి దీవెన అని తాంబూలాలు పంచాడు.

ఆ నవ్వు నేను ఓర్వలేకపోయాను. ముందుకు దూకి, యు స్లిదర్ సామీ, యు స్లిదర్ బిఫోర్ హిమ్ అని అరిచాను.

మావాళ్ళకు అర్థం కాలేదు. ఆఫీసరుకు అయింది. ఒక్క క్షణం నోరు తెరుచుకుని, తర్వాత తొడ కొట్టుకుని నవ్వాడు. సామి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. మొహం తడిసిన కాగితంలా అయింది. డప్పులు మోగుతూనే ఉన్నాయి.

అన్నాను. బాగుంది. చాలా బాగుంది.

13-5
ఇంకు పోలేదు. అందరూ మునిగి బొగ్గు కడుక్కున్నారు. సీకాయ, ఇసుక, ముగ్గుపిండి అన్నీ అయ్యాయి. కిరసనాయిలుతో పోతుంది గానీ, అది దీపానికే లేదు. వేషం కడుక్కుంటే తిట్లు గూడా నీళ్ళలో పోతాయిరా, నీది యాడికీ పోలేదే అని అమ్మ ఏడ్చింది. నేను మూర్ఖపు ఆచారాలని అరిచాను. అరిచి మళ్ళీ రుద్దుకున్నాను.

15-5
సామి పిలిచాడు. అయ్యవారి కుర్చీ తుడిచి పెట్టి ఉంది.

కుర్చీ అల్లుడికని విని అరిచినావంట, అల్లుడు వస్తానన్న మాటే లేదు, ఎవడు చెప్పినాడు నీకు, నేను నిన్నే అనుకుంటి అన్నాడు. గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది. నా మెడ మీద మిగిలిన ఇంకు వైపు చూశాడు. వేషం ఇంకా నీ ఒంటి మీదే ఉండాది మునికృష్ణా, చెప్పు, ఆ మాట గంగమ్మదా, నీదా అన్నాడు.

నాదే. డిక్షనరీ కొని, పాఠం చదివి, చిత్తూరు దాకా గంప మోసి సంపాదించుకున్న మాట. నాకున్న ఇంగ్లీషులో అది ఒక్కటే నా సొంతం.

పిక్కలు లాగుతున్నాయి. కుర్చీ అక్కడే ఉంది.

గంగమ్మదే సామీ అన్నాను. నడుము దానంతట అదే వంగింది.

18-5
మెడ మీద ఇంకు పోయింది. అమ్మ దిష్టి తీసింది.

అయ్యవారి కుర్చీలో కూర్చుని పదో పాఠం ప్రూఫు చూశాను. చివర అభ్యాసం ఉంది. ఐ స్లిదర్. యు స్లిదర్. హి స్లిదర్స్.

తప్పుల్లేవు.