నట్టల మందు

ఎల్లారెడ్డి, డిసెంబర్ 2012, బుధవారం

బోదకాలు రాకుండా మింగించే మాత్రలతో ఈరోజు గొర్రెల కాపరి మల్లయ్య ఇంటికి వెళ్లాను. డబ్బా మీద పేరు చదివి, "గిది మా గొర్లకు తాపే నట్టల మందే గద, సిస్టరమ్మా?" అన్నాడు.

అవునన్నాను. కడుపులో పురుగులు పోవడానికి ముందు పశువులకే వాడారని, తర్వాత మనుషులకూ పనిచేస్తుందని తేలిందని చెప్పాను. ఊరుకుంటే నా సొమ్మేం పోయేది? గొర్ల మందని తెలిసి వాడకట్టంతా తలుపులేసుకుంది.

మల్లయ్య తల్లి ఒక్కతే చెయ్యి చాచి మింగింది. ఆమె ఎడమ కాలు ఎప్పుడో ఏనుగు కాలంత అయింది.

"గొర్లకు నయమైతుంది గద బిడ్డా, నా కాలు గూడ దిగుతది" అంది.

వాచిపోయిన కాలు ఈ మాత్రకు దిగదు. కొడుక్కి అంత నిజం చెప్పిన నేనే, ఆమె ముందు నీళ్ల గ్లాసు అందుకుని తలూపాను.