ఒళ్ళు వంచవన్న మాట

మద్రాసు,
ఆదివారం.

ప్రేమగల ఇన్నన్నకి తమ్ముడు జోజి రాసుకునేది. యేసునాథుడి దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నా. నువ్వూ, వదినా, పెద్దోడూ, పసిదీ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నా. గేదె ఈనిందా? మిరప చేను ఎట్టుంది?

వదినా, ఈ ఉత్తరం అన్నకి చదివి వినిపించేది నువ్వేగా. మధ్యలో నీకు కోపమొచ్చినా, ఏడుపొచ్చినా ఆపమాక. ఆఖరిదాకా చదువు.

నేను బాగానే ఉన్నానన్నా, బెంగ పెట్టుకోమాక. ఇక్కడిది మన రెంటచింతల ఎండ కాదు, ఉక్క. చెమట ఆరదు. యుద్ధం అయిపోయినా బియ్యం ఇంకా రేషనే. పూటకూళ్ళ అన్నంలో రాళ్ళేరుకుంటా వదిన చేసే జొన్నరొట్టె తలుచుకుంటా. రేవులో మూటలు మోసే పని మానేశా. ఇప్పుడు నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసులో సీసాలు కడుగుతున్నా. జిల్లాల నించి బావుల నీళ్ళు సీసాల్లో వస్తయ్. చీటీ మీద ఊరి పేరు చూసి వరసన పెట్టాల. నువ్వు చెప్పించిన చదువు ఆ చీటీలకైనా పనికొచ్చింది.

పోయిన వారం పొదిలి వైపు నించి ఒక రైతుని తీసుకొచ్చారు. నలభై ఏళ్ళుంటయ్. మా ఆఫీసు డాక్టరుగారు ఒక అణా నేల మీద పడేసి తియ్యమన్నాడు. ఆయన వంగలా. కాళ్ళు ఎడంగా పెట్టి, గోడ పట్టుకుని, కర్రలాగా కిందకి జారబోయి ఆగిపోయాడు. నేను పక్కనే ఉన్నా. మెడ తిప్పలేక ఒళ్ళంతా నా వైపు తిప్పి, "తమ్ముడూ, అది కాస్త తీసియ్యి నాయనా" అన్నాడు.

అన్నా, అది నీ మాటే. జోజీ, చుట్ట పడింది తియ్యరా. జోజీ, ఆ పలుపు అందియ్యరా. పెద్దోణ్ణని పెత్తనం చేస్తన్నావనుకునేవాణ్ణి. గుళ్ళో అందరూ మోకరిస్తే నువ్వొక్కడివే స్తంభం పక్కన నిలబడుంటే సిగ్గుతో చచ్చేవాణ్ణి. దేవుడి ముందు కూడా పొగరేనని ఊరోళ్ళంటే, నేనూ అవుననే అనుకున్నా. ఆ రోజు కలుపు తీసే కూలోళ్ళందరి ముందూ అన్నా గదా, "గట్టు మీద నిలబడి అధికారం చెయ్యడం వచ్చుగానీ, ఒళ్ళు వంచడం నీకు చేతగాదు" అని. నువ్వు "సరేలేరా" అన్నావంతే. ఆ సాయంత్రమే నేను రైలెక్కా.

ఆ రైతుని పంపించాక డాక్టరుగారిని అడిగా. ఓపిగ్గా చెప్పాడు. భూమిలో కొన్ని రాళ్ళలో ఫ్లోరిన్ అనే సరుకుంటదంట. బావి ఊట ఆ రాళ్ళలో నాని దాన్ని కరిగించుకుంటది. కంటికి కనపడదు, నాలిక్కి తెలవదు. చిన్నప్పుడు తాగితే, కొత్తగా మొలిచే పళ్ళ మీద సుద్ద మచ్చలూ, గోధుమ రంగు చారలూ పడతయ్. పళ్ళు తోమడని పెద్దోణ్ణి కొడతావే వదినా, ఇంక కొట్టమాక. ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లో పేరుకుని వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతయ్యంట.

దీని మీద ఇక్కడ డాక్టర్లకే పడదు. ఇంకో పెద్ద డాక్టరు, నీళ్ళది కాదు తప్పు, పాలూ కూరగాయలూ లేని తిండిదంటాడు. తిండి చాలకపోతే జబ్బు ముదిరేది నిజమే, కానీ అదే తిండి తిని వాగు నీళ్ళు తాగే పక్కూరోళ్ళు శుభ్రంగా వంగుతున్నారు గదా అని మా డాక్టరు వాదన. ఇంకో వింత. అమెరికాలో అదే సరుకుని రవ్వంత కావాలనే నీళ్ళలో కలుపుతున్నారంట, పళ్ళు పుచ్చకుండా. నేను నవ్వితే, "ఆకులో సున్నం ఎంత రాసుకుంటావు?" అని అడిగాడు. అప్పుడు తెలిసింది. గోటితో రాస్తే నోరు పండుద్ది, వేలితో పెడితే పొక్కుద్ది.

ఆ తరవాత చెప్పిందే నేను వినలేకపోయానన్నా. ఎండలో ఎక్కువ కష్టం చేసినోడు ఎక్కువ నీళ్ళు తాగుతాడు గనక, వాడే ముందు బిగుసుకుపోతాడంట. నాన్న పోయిన కాణ్ణించి నువ్వు మన బావి నీళ్ళు కడవలకొద్దీ తాగి చేను దున్నావు. నన్ను బోర్డింగులో పెట్టావు. ఆడ చెరువు నీళ్ళు. ఆ చదువూ మధ్యలో ఇడిచిపెట్టొచ్చా. నా నడుం ఇయ్యాల వంగుతుందంటే అది నువ్వు పడ్డ కష్టం. ఒళ్ళు వంచీ వంచీ బిగుసుకుపోయినోణ్ణి పట్టుకుని ఒళ్ళు వంచవని అన్నా.

మందుందా అని అడిగా. లేదన్నాడు. ఈ ముక్క రాయడానికే మూడు రోజులు పట్టింది. రాయకుండా ఉందామనుకున్నా గానీ, ఇంట్లో పసిదుంది.

మన బావిలో అది ఉందో లేదో పరీక్ష చేస్తేగానీ తెలవదు. ఒక సీసాని ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, నిండా పోసి, బిరడా బిగించి, మద్రాసొచ్చే వాళ్ళెవరితోనైనా పంపు. ఊరి పేరు చీటీ అంటించు. వరసలో నేనే పెడతా. అప్పటిదాకా పిల్లలకి వాగు నీళ్ళు కాచి చల్లార్చి పొయ్యండి. బావి నీళ్ళు కాస్తే లాభం లేదు. పురుగైతే చస్తది, ఇది చావదు. ఉప్పునీళ్ళు మరిగినట్టు ఇంకా చిక్కబడుద్ది. పప్పు మెత్తగా ఉడుకుద్దని ఊరంతా మన బావికే వస్తారు, నాన్న తవ్వించిన బావి అని నీకెంత గొప్పో నాకు తెలుసు. అయినా ఈ మాట వినన్నా. వాగు దూరమే. నువ్వు రమ్మంటే వచ్చి కావడి నేనే మోస్తా. రమ్మనకపోతే, సీసా అయినా పంపు.

ఫాదరుగారికీ, మూలింటి తాతకీ నా దణ్ణాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. వదినా, నన్ను నాలుగు తిట్టి అయినా దీవించు.

ఇక్కడ గుళ్ళో అందరూ మోకరించి లేచాక, నేను మళ్ళీ ఒకసారి మోకరిస్తన్నా. పక్కనోళ్ళు వింతగా చూస్తన్నారు. ఆ రెండోది నీదన్నా.

నీ తమ్ముడు
జోజి