ఒక్క ఎంటర్‌కు నలభై ప్లాట్లు

మదనపల్లె, 1999 ఆగస్టు, బుధవారం

మూడు వారాలుగా బ్రాకెట్ల దగ్గరే తప్పుతున్న నా ప్రోగ్రాం ఈ రోజు పనిచేసింది. ఎంటర్ నొక్కగానే కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే క్యాడ్ తెరమీద పుంగనూరు లేఅవుట్‌లోని నలభై ప్లాట్లూ వరసగా గీసుకున్నాయి. చేత్తో గీస్తే వారం పని.

ఆఫీసులో ప్లాన్లు చేత్తో గీసే, నాకు డ్రాయింగ్ నేర్పిన వెంకటప్ప సారు నా వెనకే నిలబడి చూశారు.

"ఈ మూల ప్లాటులో బావి ఉండాది కదమ్మా. దానికి తెలీదా?"

ప్రోగ్రాంలో బావి సంగతి నేను రాయలేదు. సిగ్గుపడుతూ సరిచేశాను.

అంతలో మా ఇంజనీరు వచ్చి తెర చూశాడు. "వెంకటప్పన్నా, ఇంగ గీసే పని యాడుండాది? రేపట్నించి ఇంటికాడ రెస్ట్ తీసుకో" అన్నాడు.

సారు తన డ్రాయింగ్ పెన్నులు కడిగి, తుడిచి, నా బల్లమీద పెట్టి వెళ్లిపోయారు.

బావి సంగతి పట్టుకున్నది ఆయనేనని ఇంజనీరుతో చెప్పాల్సింది. చెప్పలేదు. బాగా అలసిపోయి ఊరుకున్నాననుకుంటున్నాను, కానీ అది అలసట కాదు, భయం.