గెడ్డ వంపు దగ్గరి కొలత

బావా,

సరిగ్గా నీ సంవత్సరీకం రోజునే ఆటోనగర్ వెనక పారే గెడ్డకి కొత్త సర్వే మ్యాపు వచ్చింది. ఇప్పుడు డ్రోను ఎగరేసి మ్యాపు గీస్తున్నారు. మన సర్వే ఆఫీసులో దాని పక్కన నువ్వు గీసిన పాత మ్యాపు పెట్టి చూశాం.

వాన వెలిసిన మర్నాడు గట్టు తుప్పలకి చెత్త ఎక్కడిదాకా చిక్కుకుందో చూసి, అక్కడికి గెడ్డ వెడల్పు కొలిచేవాడివి. "నీరు ఎందాకా వచ్చిందో తుప్పలే సెప్తాయి బావా, మనం రాసుకోడమే" అనేవాడివి. టేపు రెండో కొస ఎప్పుడూ నా చేతిలోనే. నీ పుస్తకంలోకి నేను తొంగి చూసిన రోజు లేదు.

పాత మ్యాపంతా సరిపోయింది. ఒక్క వంపు దగ్గరే నీ మ్యాపులో గెడ్డ సగానికి సన్నబడింది. తర్వాత నువ్వు ఇల్లు కట్టుకున్న వంపు అది. ఆ వంపు కొలిచిన రోజు తుప్ప దగ్గర నిలబడి నేను అరిచి చెప్పిన అంకె ఒకటి, నువ్వు రాసుకున్నది ఒకటి.

కొత్త గీతకి లోపలున్న ఇళ్లన్నీ తీసేస్తారు. ఆ గీత మా అక్క వంటింటి గోడ మీద పడింది. గుర్తుగా ఎర్రరంగు పూసింది నేనే. లోపల నీ సంవత్సరీకం వంట ఇంకా పొయ్యి మీదే ఉంది. అక్క గరిటెతోనే బయటికొచ్చింది.

"మీ బావ కొలత ఎప్పుడూ తప్పనేదు కదరా, ఇదేటి?"

"టేపు నాను సరిగ్గా పట్టనేదక్కా," అన్నాను.

నాకు విస్తరి వెయ్యకుండా తలుపేసుకుంది.

ఆ రోజు టేపు నేను బిగించే పట్టుకున్నాను బావా. ఆ సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే.